ప్రార్థనలోంచి ఒక మాట తీసేసిన పోప్

1959 మార్చి 27, గుడ్ ఫ్రైడే. రోమ్‌లో ఏటా చదివే ప్రార్థనలో ఆ రోజు ఒక మాట వినిపించలేదు. యూదుల కోసం చేసే దువాలో, వారి పేరు ముందు శతాబ్దాలుగా ఒక లాటిన్ విశేషణం ఉండేది. దాని అర్థం విశ్వాసం లేనివారు అని మాత్రమేనని పండితులు సర్దిచెప్పేవారు. కానీ జనం మాట్లాడే భాషల్లోకి వచ్చేసరికి అది నమ్మకద్రోహులు అనే తిట్టుగా మారిపోయింది. దాన్ని తీసేయించింది, అంతకు ఐదు నెలల ముందే పోప్‌గా ఎన్నికైన జాన్ 23.

ఆయన అసలు పేరు ఆంజెలో జుసెప్పే రొంకల్లి. 1881 నవంబర్ 25న ఉత్తర ఇటలీలోని ఒక పల్లెలో, కౌలు రైతు ఇంట్లో పుట్టారు. 1904లో మతగురువు అయ్యారు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులకు సేవ చేశారు. 1925లో వాటికన్ ఆయన్ని బల్గేరియాకు, 1935లో టర్కీకి పంపింది.

ఇస్తాంబుల్‌లో దాదాపు పదేళ్లున్నారు. మతపెద్దలు బయట మతదుస్తులు వేసుకోకూడదని అప్పటి టర్కీ ప్రభుత్వం చట్టం చేస్తే, ఆయన గొడవ పడకుండా కోటు ప్యాంటు వేసుకుని తిరిగారు. చర్చి ప్రార్థనల్లో కొంత భాగం టర్కీ భాషలో చదివించారు. చుట్టూ ముస్లింలు, ఆర్థడాక్స్ క్రైస్తవులు, యూదులు. ఆ యూదుల్లో చాలామంది పూర్వీకులు 1492లో స్పెయిన్ రాజులు వెళ్లగొడితే ఉస్మానియా సుల్తాను నీడకు చేరినవారే.

రెండో ప్రపంచ యుద్ధంలో హిట్లర్ నుంచి పారిపోతున్న యూదులకు ఇస్తాంబుల్ ఒక దారి అయింది. రొంకల్లి తలుపు తట్టినవారికి సాయం చేశారు. హంగరీలో చిక్కుకున్నవారికి వలస పత్రాలు అందేలా చూశారు. పాత పరిచయంతో బల్గేరియా రాజు బోరిస్‌కు లేఖ రాశారు. చంపుతున్నవాళ్లలో ఎక్కువమంది బాప్తిస్మం తీసుకున్నవాళ్లే. ఆ సంగతి ఆయనకు తెలుసు.

అసలు చిక్కు అక్కడే ఉంది. యేసును సిలువ వేయించిన పాపం ఆనాటి కొందరిది కాదు, అన్ని తరాల యూదులందరిదీ అని చర్చిల్లో బోధించేవారు. దేవుడే వారిని శపించాడనేవారు. 1096లో జెరూసలేం వైపు బయల్దేరిన క్రూసేడర్ల గుంపులు దారిలోనే రైన్ నది తీరాన యూదులను ఊచకోత కోశాయి. 1215లో రోమ్‌లో జరిగిన చర్చి మహాసభ యూదులు, ముస్లింలు వేరుగా కనబడే బట్టలు వేసుకోవాలని ఆదేశించింది. హిట్లర్ ద్వేషం జాతి పేరు మీద నడిచిందన్నది నిజమే. కానీ ఆ విత్తనం పడ్డ నేల శతాబ్దాలుగా దున్ని ఉంది. విచిత్రం ఏమిటంటే, సిలువకు కారణం మనుషులందరి పాపమేనని అదే చర్చి 1566 నాటి తన బోధనా గ్రంథంలో రాసుకుంది. ఆ మాట పుస్తకంలో ఉండిపోయింది, నింద మాత్రం జనంలో తిరిగింది.

1960 జూన్ 13న ఎనభై ఏళ్లు దాటిన ఒక ఫ్రెంచ్ చరిత్రకారుడు పోప్‌ను కలిశారు. పేరు జూల్ ఇసాక్, యూదుడు. ఆయన భార్యను, కూతురిని నాజీలు ఔష్విట్స్‌లో చంపేశారు. ఆ దుఃఖంలోనే ఆయన సువార్తలను, చర్చి బోధనను పక్కపక్కన పెట్టి చదివారు. యూదులను నీచంగా చూడమనే బోధకు ఆధారం గ్రంథంలో లేదని, అది తర్వాత చేర్చిన వ్యాఖ్యానమని తేల్చారు. పరిశీలించమని పోప్‌ను కోరారు. పోప్ ఆ పనిని కార్డినల్ బేయాకు అప్పగించారు.

అదే ఏడాది అక్టోబర్‌లో అమెరికా నుంచి యూదు ప్రతినిధులు వచ్చారు. పోప్ తన పేరులోని జుసెప్పేను గుర్తుచేసుకున్నారు. జుసెప్పే అంటే యూసుఫ్. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) ఈజిప్టులో అన్నదమ్ముల ముందు తానెవరో చెప్పుకున్నట్టే, తాను వారి సోదరుణ్ణని పోప్ వారికి చెప్పారు.

1962 అక్టోబర్ 11న ఆయన రెండో వాటికన్ మహాసభను ప్రారంభించారు. కడుపు క్యాన్సర్‌తో 1963 జూన్ 3న కన్నుమూశారు. పని సగంలో ఆగింది. సభలో కొందరు బిషప్పులు పాత బోధను మార్చకూడదని పట్టుబట్టారు. ముసాయిదా ఎన్నోసార్లు మారింది. చివరికి 1965 అక్టోబర్ 28న 2,221 మంది అనుకూలంగా, 88 మంది వ్యతిరేకంగా ఓటేయగా ప్రకటన వెలువడింది. సిలువ నేరం ఆనాటి యూదులందరి మీద గానీ, నేటి యూదుల మీద గానీ వేయకూడదని, యూదు ద్వేషం ఎవరు చూపినా ఖండించాల్సిందేనని అది తేల్చింది. అదే ప్రకటనలో ముస్లింల గురించి కూడా ఉంది. వారు ఒక్క దేవుణ్ణే ఆరాధిస్తారని, హజ్రత్ మర్యంను గౌరవిస్తారని చెబుతూ, పాత శత్రుత్వాలు మరచి కలిసి పనిచేయాలని కోరింది.

ద్వేషం దాంతో పోలేదు. యూదుల మీద దాడులు ఆగలేదు, ముస్లింల మీదా ఆగలేదు. కానీ ఆ పని చేసేవాడు చర్చి నన్ను ఇలాగే నేర్పిందని చెప్పుకునే వీలు లేకుండా పోయింది. సువార్తల్లో ఒక్క అక్షరం కూడా మార్చకుండా, వాటి మీద పేరుకున్న ద్వేషాన్ని మాత్రం తొలగించే పనిని కౌలు రైతు కొడుకు మొదలుపెట్టాడు. 2014లో కేథలిక్ చర్చి ఆయన్ని పునీతుడిగా ప్రకటించింది.