ప్రకృతి ఉపాసకుడు వాన్ గో

దైవాన్ని అన్వేషించే వారందరి మార్గం ఒకటి కాదు. కొందరు భక్తితో, కొందరు జ్ఞానంతో, మరికొందరు సేవతో ఆ వెలుగును చేరాలని యత్నిస్తారు. కుంచె చేతబట్టి, ఎండకు ఎండి, గాలికి ఓర్చి, పొలాల నడుమ ఆ వెలుగును వెదకిన చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో.

ఆయన 1853 మార్చి 30న నెదర్లాండ్స్ దేశంలోని జుండర్ట్ గ్రామంలో జన్మించాడు. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. పదహారవ ఏట వాన్ గో చిత్రాలు విక్రయించే సంస్థలో చేరాడు. వ్యాపారం ఆయన మనసుకు పట్టలేదు. 1876లో ఆ ఉద్యోగం పోయింది. తండ్రి బాటలో నడవాలని నిశ్చయించుకొని, 1878 చివరలో బెల్జియంలోని బోరినాజ్ బొగ్గుగనుల ప్రాంతానికి బోధకుడుగా వెళ్ళాడు. కార్మికుల దైన్యం ఆయనను కలచివేసింది. తన దుస్తులు వారికి పంచిపెట్టి, గుడిసెలో గడ్డిపరుపుపై నిద్రించాడు. ఆ మితిమీరిన త్యాగం పెద్దలకు రుచించలేదు. ప్రసంగంలో నేర్పు చాలదని 1879లో ఆయనను కొనసాగించలేదు.

ప్రార్థనామందిరం తలుపులు మూసుకున్నాయి గాని ఆయనలోని తపన చల్లారలేదు. 1880లో, ఇరవై ఏడవ ఏట, చిత్రకళనే జీవితమార్గంగా స్వీకరించాడు. తమ్ముడు థియో నెలనెలా ధనం పంపి ఆదుకున్నాడు.

వాన్ గోకు ఆరుబయలే చిత్రశాల. 1882లో స్కెవెనింగెన్ తీరంలో తుపాను గాలిలో నిలిచి సముద్రాన్ని చిత్రించాడు. నాడు తడిరంగులకు అంటుకున్న ఇసుకరేణువులు నేటికీ ఆ చిత్రంలో ఉన్నాయి. 1888 ఫిబ్రవరిలో దక్షిణ ఫ్రాన్సులోని ఆర్ల్ పట్టణం చేరాడు. అక్కడ మిస్ట్రాల్ అనే ఉధృతమైన గాలి వీస్తుంది. చిత్రపటం నిలిపే చట్రాన్ని మేకులతో నేలకు బిగించి, పండిన గోధుమచేలను, విత్తనాలు చల్లే రైతులను చిత్రించాడు. రాత్రివేళ రోన్ నదీతీరాన నిలిచి నక్షత్రాలను పటంపై నిలిపాడు.

ఆ ఏడాది చివర మానసిక వ్యాధి ఆయనను క్రుంగదీసింది. 1889 మేలో సాంరెమిలోని చికిత్సాలయంలో స్వయంగా చేరాడు. బయటికి వెళ్ళ అనుమతి లభించిన దినాలలో ఆలివ్ తోటలకు నడిచేవాడు. ఆయన మిత్రుడు గోగాఁ అదే కాలంలో ఆలివ్ తోటలో క్రీస్తు వేదనను ఊహించి చిత్రించాడు. వాన్ గో ఆ పద్ధతిని అంగీకరించలేదు. పవిత్రమూర్తులు లేకుండానే, మెలితిరిగిన కొమ్మలలో, మారే ఆకుల వన్నెలలో ఆ వేదననూ ఊరటనూ చూపవచ్చునని విశ్వసించి, ఆలివ్ చెట్లనే పదేపదే చిత్రించాడు. ఆ చిత్రాలలో ఒకటి అమెరికాలోని కాన్సాస్ సిటీ మ్యూజియంలో ఉంది. దాని రంగుపొరలో చిక్కుకున్న చిన్న మిడత అవశేషాన్ని 2017లో నిపుణులు గుర్తించారు. ఆయన ప్రకృతి ఒడిలోనే కూర్చొని చిత్రించాడనడానికి అది మూగసాక్షి.

1890 మేలో పారిస్ సమీపంలోని ఓవేర్ గ్రామానికి వెళ్ళాడు. అక్కడ గడిపిన డెబ్బై దినాలలో సుమారు డెబ్బై చిత్రాలు గీశాడు. తుపాకి గాయంతో 1890 జూలై 29న, ముప్పై ఏడవ ఏట, తమ్ముని సమక్షంలో కన్నుమూశాడు. బ్రతికుండగా ఆయన చిత్రాలు కొన్నవారు అరుదు. థియో భార్య జోహన్నా వాటిని భద్రపరచి, ప్రదర్శనలు జరిపి, లోకానికి అందించింది. 1973లో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో ఆయన పేర మ్యూజియం వెలసింది.

బోధకుడుగా వాన్ గో మాటలు కొద్దిమంది కార్మికులకే వినిపించాయి. చిత్రకారుడుగా ఆయన చూపిన గోధుమచేలు, ఆలివ్ చెట్లు, నక్షత్రాలు దేశకాలాల ఎల్లలు దాటి కోట్ల హృదయాలకు ఊరటనిస్తున్నాయి. వేదిక కోల్పోయినా సేవాదృష్టి కోల్పోనివాడు మరొక దారిలో మానవాళిని చేరగలడని ఆయన జీవితం చాటుతోంది.