ఉదయగిరి మొదలు సింహాచలము వఱకు: శ్రీకృష్ణదేవరాయల తొలి దిగ్విజయము

వెంకటాచలమునుండి నెల్లూరు, ఆత్మకూరుల మీదుగా వాయవ్యదిశకు పోవు బాటసారికి వరిమళ్ళు క్రమముగా వెనుకబడి మెట్టనేలలును, వాని కావల కొండల వరుసలును కానవచ్చును. ఆ దిక్కుననే, మూడువేల అడుగులకు పైబడిన కొండమీద ఉదయగిరి దుర్గము కలదు. నేడది శిథిల ప్రాకారములతో నిలిచియున్నది గాని, ఐదువందల యేండ్ల క్రిందట తూర్పుతీర రాజ్యమునకు తాళపుచెవి ఆ కొండయే. కృష్ణదేవరాయలనగానే మన విద్యార్థులకు భువనవిజయమును, అష్టదిగ్గజములును స్ఫురించుట సహజము. ఆ కీర్తికి పునాది పడినది మాత్రము ఈ కొండ క్రింద, ఆయన సేనలు నెలల తరబడి గుడారములలో గడపిన కాలమున.

రాయలు తుళువ నరసనాయకునకు నాగలాంబయందు జన్మించెను. సవతి యన్నయగు వీరనరసింహరాయల యనంతరము 1509లో విజయనగర సింహాసనమునకు వచ్చెను. ఆ సింహాసనము పూలపాన్పు కాదు. ఉత్తరమున బహమనీ సుల్తానును, ఆతని పేరిట స్వతంత్రులగుచున్న బీజాపురాది సామంతులును. దక్షిణమున తిరుగబడిన ఉమ్మత్తూరు పాలెగాడు. తూర్పున కటకము రాజధానిగా నేలుచున్న గజపతి ప్రతాపరుద్రుడు. ఒకప్పుడు విజయనగర రాజకుమారులే పాలించిన ఉదయగిరి అప్పటికి గజపతుల చేతిలో నుండెను. సాళువ నరసింహరాయలు అవసానకాలమున రాయచూరు, ఉదయగిరి మొదలగు దుర్గములను తాను సాధింపలేకపోయితినని వగచి, ఆ కార్యమును తన వెనుకటివారి కప్పగించెనని, 1535 ప్రాంతమున విజయనగర చరిత్ర వ్రాసిన పోర్చుగీసువాడు నూనిజు తెలుపుచున్నాడు. రాయలకు రాజ్యముతో పాటు ఈ ఋణమును సంక్రమించెను.

నేటి విద్యార్థులు కంప్యూటరుపై ఆడు రాజ్యనిర్మాణ క్రీడలు కొన్ని కలవు. వంతులవారిగా ఎత్తులు వేయుచు, పట్టణములు కట్టుచు, సేనలు కూర్చుచు యుగముల చరిత్రను నడుపు ఆ యాటలలో, పొరుగువాడు బలపడకమునుపే వానిపై విరుచుకొనిపడుట ఒక ప్రసిద్ధమైన పన్నుగడ. ఫలించినచో ఆట సగము గెలిచినట్లే. ఫలింపనిచో కోశము వట్టిపోవును. సేన దూరమైనకొలది ఇంటి సరిహద్దు బయలగును. రాయలు తన పాలనపు తొలి పదియేండ్లలో ఆడినది ఇట్టి యాటయే. అయితే ఆయన పందెము ప్రజల ప్రాణములు. ఓడిన మరల మొదలిడుటకు వీలులేనిది. కనుక ఆయన యెత్తుల వరుసను శ్రద్ధగా పరిశీలింపవలయును.

ఆయన తొలుత తూర్పునకు దూకలేదు. పట్టాభిషిక్తుడైన కొలదికాలముననే దండెత్తివచ్చిన బహమనీ సేనలను ప్రతిఘటించి వెనుకకు మరల్చెను. పిదప దక్షిణమునకు దిగి, కావేరి నడుమనున్న శివనసముద్రపు కోటను పట్టి ఉమ్మత్తూరు తిరుగుబాటు నణచెను. ఇంటిలోని చిచ్చార్పి, ఇరుగుపొరుగులలో ఒకరి నదలించిన పిమ్మటనే, మంత్రి సాళువ తిమ్మరుసు తోడుగా 1513లో ఉదయగిరి ముట్టడికి పూనుకొనెను.

ఉదయగిరి కత్తులకు లొంగు కోట కాదు. నిలువైన కొండచరియలు, ఇరుకు దారులు, లోపల నీటివసతి. దుర్గరక్షకులకు ప్రకృతియే సగము సైన్యము. రాయలు ముప్పదినాలుగువేల కాల్బలమును, ఎనిమిదివందల యేనుగులను నడిపించెననియు, కోటలో పదివేలమంది భటులు, నాలుగువందల గుఱ్ఱములు మాత్రమే యుండెననియు నూనిజు లెక్కించెను. అంత యాధిక్యముండియు ముట్టడి యేడాదిన్నర సాగెను. బండలు పగులగొట్టి, కొండలు తొలిచి, సేనలు నడుచుటకు బాటలు వేయవలసివచ్చెను. తుదకు 1514 జూన్ మాసమున దుర్గము వశమయ్యెను. దుర్గాధిపతియు గజపతి బంధువునగు తిరుమల రాహుత్తరాయడు బందీగా చిక్కెను. దండయాత్ర వేగమును పొగడువారు ఈ పదునెనిమిది మాసములను మఱువరాదు. తొలి కోటను సగములో విడిచి ముందునకు ఉఱికియుండినచో, కొండవీటి యెదుట నిలిచిన సేనకు వెనుక బాట యుండెడిది కాదు.

విజయానంతరము రాయలు దేవేరులతో తిరుమలకేగి, 1514 జూలై 6న శ్రీ వేంకటేశ్వరునకు ముప్పదివేల వరహాలతో కనకాభిషేకము చేసెను. ఉదయగిరినుండి బాలకృష్ణ విగ్రహమును హంపికి గొనిపోయి, దానికై క్రొత్త దేవాలయము కట్టించి 1515లో ప్రతిష్ఠించెను. భక్తియు రాజనీతియు ఇచట విడదీయరానివి. గెలిచిన సీమలోని దైవము రాజధానిలో పూజ లందుకొనుట చూచిన ప్రజలకు ఆ విజయము మాటలలో చెప్పనక్కఱలేకయే తెలియును.

గెలిచిన భూమిని ఆయన గాలికి వదలలేదు. ఉదయగిరి సీమను రాయసము కొండమరుసయ్య కప్పగించెను. ఆత్మకూరు దరినున్న అనంతసాగరము చెఱువును నిర్మింపించినది ఆ అధికారియే. యుద్ధము తొక్కిన నేలకు నీరు పాఱించుట కంటె మిన్నయైన జయస్తంభ మేది?

రెండవ యెత్తు కొండవీడు. దానికి ముందు అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, తంగెడ, కేతవరము మొదలగు చుట్టుప్రక్కల కోట లొకటొకటిగా స్వాధీనమయ్యెను. కొమ్మలు నఱికిన పిదప మ్రాను నఱకుట సులభము గదా! 1515 జూన్ 23న కొండవీడు లొంగెను. గజపతి కుమారుడు వీరభద్రుడు చెఱపడెను. అయినను ఆ యువరాజునకు కన్నడసీమలో మలెబెన్నూరు నాయంకర మియ్యబడినట్లు 1516 నాటి దావణగెరె శాసనము చెప్పుచున్నది. పట్టుబడిన శత్రువునకు పదవి నిచ్చుటలో రాజు లోచూపు కలదు. కొండవీటి పాలన మొదట తిమ్మరుసునకును, తరువాత ఆయన మేనల్లుండ్రగు నాదెండ్ల అప్పామాత్య, గోపామాత్యులకును చెందెను. మాదయగారి మల్లన రాజశేఖరచరిత్రము నంకితము గొన్నది ఈ అప్పామాత్యుడే. ముట్టడి ముగిసిన కోటలో కొలది కాలమునకే కావ్యము కృతినందుకొనుట తెలుగువారికి గర్వకారణము.

అమరావతిలో అమరేశ్వరుని సన్నిధిని తులాపురుషదానము చేసి, రాయలు కృష్ణను దాటి కొండపల్లిని పట్టెను. గజపతి మంత్రి ప్రహరేశ్వరపాత్రుడు చిక్కెను. అటనుండి రాజమహేంద్రవరము మీదుగా సాగి, 1516 మార్చి నెలాఖరున సింహాచల నృసింహునకు నగలర్పించినట్లు అచటి శాసనములు పలుకుచున్నవి. పొట్నూరున జయస్తంభము నాటిన ముచ్చటను ఆనాటి కవులు వర్ణించిరి. ఈ కళింగయాత్రలోనే ఆయన విజయవాడనుండి శ్రీకాకుళమున కేగి ఏకాదశీ వ్రతమున్న రాత్రి, ఆంధ్రవిష్ణువు కలలో కనబడి తెలుగున కృతి చెప్పుమని నియమించెనని ఆముక్తమాల్యద పీఠికవలన తెలియుచున్నది. ఆ కావ్యపు చతుర్థాశ్వాసమున యామునాచార్యుడు కుమారునకు బోధించిన రాజనీతిలో కోటలు, అడవిజాతులు, రేవుపట్టణములు, చెఱువులు, పరదేశ వర్తకులు అన్నియు విషయములే. అది పుస్తకములనుండి మాత్రమే పుట్టిన నీతి కాదు; ఉదయగిరి బాటలలో అరిగిన పాదములనుండియు పుట్టినది.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన యెత్తు. జయము మీద జయము గొన్నవానికి ఆగుట కష్టము. 1519 నాటికి రాయలు గజపతితో సంధిచేసికొని, ఆయన కుమార్తెను వివాహమాడి, కృష్ణానదికి ఉత్తరమున గెలిచిన భూములను తిరిగి యిచ్చివేసెను. నిలుపుకొనలేనంత దూరపు భూమి సంపద కాదు, బరువని ఆయన గ్రహించెను. తూర్పు సరిహద్దు చల్లబడుటచేతనే 1520లో బలమంతయు పడమటికి త్రిప్పి, రాయచూరు యుద్ధమున బీజాపురపు ఇస్మాయిల్ ఆదిల్‌ఖానును జయింపగలిగెను. సాళువ నరసింహుని ఋణము తీరెను.

కాని న్యాయముగ చెప్పవలసిన మఱియొక మాట కలదు. తూర్పున చూపిన నిగ్రహమును రాయలు పడమట చూపలేదు. రాయచూరు విజయము తరువాత, ఆదిల్‌ఖాను స్వయముగా వచ్చి తన పాదమును ముద్దిడినగాని కోట మరల నీయనని షరతు పెట్టెనని నూనిజు వ్రాసెను. గజపతికి అల్లుడైన రాజు, సుల్తానునకు ఆఱని గాయమయ్యెను. తూర్పు విజయపు ఫలితము కూడ నిష్కళంకము కాదు. దెబ్బతిన్న గజపతి రాజ్యము మఱి కోలుకొనలేదు. ప్రతాపరుద్రుడు 1540లో మరణించిన వెనుక ఆయన కుమారులను చంపించి మంత్రి గోవింద విద్యాధరుడు సింహాసన మాక్రమించెను. తరువాతి దశాబ్దములలో కృష్ణాగోదావరుల నడిమి నేల గోలకొండ పాలయ్యెను. ఇద్దఱు పోరాడి అలసిన వాకిట మూడవవాడు ప్రవేశించెను. రాయలు 1529లో కాలధర్మము నొందగా, 1565లో సుల్తానులు ఏకమై రాక్షసి-తంగడి రణమున విజయనగరమును కూల్చిరి. ఆ పతనమునకు కారణములు పెక్కు. తొలి విజేతల గర్వమును అందొకటి.

విద్యార్థులు రాయల దండయాత్రల తేదీలను కంఠస్థము చేయుదురు. ఉపాధ్యాయులు ఆ తేదీల నడుమనున్న కాలమును కూడ వారికి చూపవలయును. ఉదయగిరి క్రింద ఓర్చిన పదునెనిమిది మాసములు, అనంతసాగరమున నిలిచిన నీరు, కృష్ణ యొడ్డున ఆగిన అడుగు: రాయల తొలి దిగ్విజయమును కేవలము దోపిడిగా మిగులనీయక చరిత్రగా నిలిపినవి ఈ మూడే. కోటగోడలు కూలినను ఆ చెఱువు క్రింద నేటికిని పైరు పచ్చగా నున్నది.