గోల్స్ పట్టికలో పేరు లేని యోధుడు: బిలాస్‌పూర్ బిడ్డ లెస్లీ క్లాడియస్

బిలాస్‌పూర్: బెంగాల్ నాగపూర్ రైల్వే పట్టాల వెంట పెరిగి, నేడు ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రంగా ఉన్న పట్టణం బిలాస్‌పూర్. రైల్వే కొలువుల కోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఇక్కడ స్థిరపడ్డాయి. భారత హాకీ చరిత్రలో చిరస్థాయిగా నిలిచిన లెస్లీ వాల్టర్ క్లాడియస్ 1927 మార్చి 25న ఈ పట్టణంలోనే ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబంలో జన్మించారు.

ఆయన తొలి ప్రేమ హాకీ కాదు, ఫుట్‌బాల్. బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టులో ఫుట్‌బాల్ ఆటగాడిగానే చేరారు. 1946లో ఖరగ్‌పూర్‌లో రైల్వే హాకీ జట్లు సాధన చేస్తుండగా ఒక ఆటగాడు తక్కువయ్యాడు. గట్టున నిలిచి చూస్తున్న క్లాడియస్‌ను 1932 ఒలింపిక్ స్వర్ణ విజేత డికీ కార్ మైదానంలోకి పిలిచారు. ఆ పిలుపే జీవితాన్ని మలుపు తిప్పింది. సరిగ్గా రెండేళ్లకు, 1948లో, ఆయన లండన్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత హాకీ జట్టులో సభ్యుడు! అదే లండన్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు ఫ్రాన్స్ చేతిలో 1-2 తేడాతో ఓడి వెనుదిరగగా, హాకీ జట్టు ఫైనల్లో బ్రిటన్‌ను 4-0తో చిత్తు చేసింది. స్వతంత్ర భారతానికి దక్కిన తొలి ఒలింపిక్ స్వర్ణం అదే.

క్లాడియస్ ఆడిన స్థానం రైట్ హాఫ్. ముందు వరుసలోని ఐదుగురు గోల్స్ కొడతారు, వెనుక గోల్‌కీపర్ ఆపుతాడు. నడుమ నిలిచే హాఫ్ పని ప్రత్యర్థి వింగర్ దారి మూసి, చిక్కిన బంతిని మనవాళ్లకు చేరవేయడం. మ్యాచ్ ముగిశాక స్కోరు వివరాల్లో అతని పేరు కనిపించదు. అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌లో సీజన్ చివర ప్రతి కాన్ఫరెన్సూ ఉత్తమ ఆటగాళ్లను స్థానాలవారీగా ప్రకటిస్తుంది. పాయింట్లు సాధించే అవకాశం దాదాపు లేని రక్షకులకూ ఆ జాబితాలో చోటుంటుంది. క్లాడియస్ కాలపు మన హాకీలో ఒక హాఫ్‌కు దక్కగల పెద్ద గౌరవం ఒక్కటే: ఒలింపిక్ జట్టు జాబితాలో పేరు. ఆ గౌరవం ఆయనకు వరుసగా నాలుగుసార్లు దక్కింది.

1952 హెల్సింకి ఫైనల్లో భారత్ 6-1తో నెదర్లాండ్స్‌ను ఓడించింది. అందులో ఐదు గోల్స్ బల్బీర్ సింగ్‌వి కావడంతో లోకం ఆయననే కీర్తించింది, అది సహజమే. అయితే 1956 మెల్‌బోర్న్‌లో భారత్ 38 గోల్స్ సాధించి, టోర్నీ మొత్తంలో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. రక్షణ వరుస విలువ తెలియాలంటే ఆ రెండో అంకెనే చూడాలి.

1960 రోమ్‌లో సారథ్యం ఆయనకు లభించింది. ఫైనల్లో పాకిస్థాన్ చేతిలో 0-1 ఓటమి. 1928 నుంచి చేజారని స్వర్ణం తన నాయకత్వంలోనే చేజారడం ఆయనకు ఎంతటి భారమో ఊహించవచ్చు. అయినా మూడు స్వర్ణాలు, ఒక రజతంతో, ఆ ఘనతను ఉధమ్ సింగ్‌తో పంచుకుని రికార్డులకెక్కారు. 1971లో పద్మశ్రీ వరించింది.

ఆంగ్లో ఇండియన్ క్రీడాకారులు అనేకులు ఆస్ట్రేలియాకు వలస పోయినా, ఆయన కోల్‌కతాను వీడలేదు. అక్కడి కస్టమ్స్ శాఖలో పనిచేశారు. 1978 ప్రపంచకప్‌లో భారత్‌కు ఆడిన కుమారుడు రాబర్ట్‌ను రోడ్డు ప్రమాదం బలిగొంది.

2012 లండన్ ఒలింపిక్స్ సందర్భంగా నగర రైల్వే స్టేషన్లకు క్రీడా దిగ్గజాల పేర్లు పెడుతూ ఒక ప్రత్యేక పటాన్ని రూపొందించారు. అందులో బుషీ స్టేషన్‌కు, ఈ రైల్వే పట్టణంలో పుట్టిన క్లాడియస్ పేరు పెట్టారు. అదే ఏడాది డిసెంబరు 20న, 85వ ఏట, ఆయన కోల్‌కతాలో కన్నుమూశారు.