ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్

బౌద్ధనగర్ నుండి తార్నాకవైపు నడచు విద్యార్థులకు ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణము చిరపరిచితము. గులాబివన్నె గ్రానైటు రాతితో కట్టిన ఆర్ట్సు కళాశాలను చూచి ఆనందింపనివా రుండరు. కాని ఆ విద్యాలయమునకు తన పేరొసంగిన రాజునుగూర్చి మన బాలబాలికలు సాధారణముగ వినునవి రెండే మాటలు: ఆయన మిక్కిలి ధనవంతు డనియు, మిక్కిలి లోభి యనియు. రాజును ధనముతో కొలుచుట చాలదు. ఆయన ప్రజలకు ఏమి యిచ్చెను, ఏమి యీయకుండెను అనునదియే విచారింపదగినది.

మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1886 వ సంవత్సరము ఏప్రిలు 6 వ తేదీన హైదరాబాదులోని పురానీ హవేలీలో జన్మించెను. ఆరవ నిజామగు మీర్ మహబూబ్ అలీఖాన్ ఆయన తండ్రి. బాల్యమున ఇంటివద్దనే గురువులకడ ఉర్దూ, పారసీ, అరబ్బీ, ఆంగ్లభాషలను నేర్చెను. ఉర్దూ పారసీ భాషలలో కవిత్వము చెప్పుట ఆయనకు జీవితాంతము ప్రియమైన వ్యాసంగము. 1911 ఆగస్టు 29 వ తేదీన తండ్రి మరణింపగా ఇరువదియైదేండ్ల ప్రాయమున సింహాసనము నధిష్ఠించెను. సుమారు 82 వేల చదరపు మైళ్ల వైశాల్యముగల ఆ రాజ్యమున తెలుగు, మరాఠీ, కన్నడ జిల్లా లుండెను. ప్రజలలో ఇంచుమించు సగము మంది తెలుగువారు.

ఆ సంవత్సరము డిసెంబరులోనే ఐదవ జార్జి చక్రవర్తి ఢిల్లీలో దర్బారు జరిపెను. స్వదేశమున తనకు మించినవాడు లేని క్రొత్త నిజాము అచ్చట చక్రవర్తియెదుట వినయముతో నిలువవలసి వచ్చెను. ప్రజలపై నిరంకుశాధికారము, తనపై పరుల యధికారము: ఈ రెండింటి నడుమనే ఆయన పరిపాలన మంతయు గడచెను.

ఆయన సింహాసన మెక్కుటకు మూడేండ్లకు ముందు, 1908 సెప్టెంబరు 28 వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచివేసెను. వేలకొలది జనులు ప్రాణములు కోల్పోయిరి. ఇట్టి యాపద మరల రాకుండుటకై మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పథకమును రచించిరి. దాని ననుసరించి 1920 లో ఉస్మాన్ సాగరమును, 1927 లో హిమాయత్ సాగరమును పూర్తియయ్యెను. ఇవి వరదను అడ్డుటయే గాక నగరమునకు త్రాగునీటి నొసగెను. మూసీ యొడ్డున ఉన్నతన్యాయస్థానమును, ఉస్మానియా ఆసుపత్రియు లేచెను. నవాబు అలీ నవాజ్ జంగ్ అను ఇంజనీరు ఆధ్వర్యమున మంజీరానదిపై 1923 లో ఆరంభమైన నిజాంసాగరము 1931 లో ముగిసి, నిజామాబాదు ప్రాంతపు మెట్టభూములను చెరకు, వరి పొలములుగా మార్చెను. 1932 లో 27 బస్సులతో ప్రభుత్వ రవాణా ప్రారంభమయ్యెను.

వీటన్నింటిని మించినది విశ్వవిద్యాలయము. 1917 లో ఆయన ఫర్మానా వెలువరింపగా మరుసటి యేటనే అది స్థాపితమయ్యెను. భారతదేశమున ఉన్నతవిద్య యంతయు ఆంగ్లమున జరుగుచున్న కాలమున, శాస్త్రములను, వైద్యమును సైతము దేశభాషలో బోధింపవచ్చునని చూపుటకు సాహసము కావలెను. అందులకై అనువాదశాఖ నొకదానిని నెలకొల్పి గ్రంథములను ఉర్దూలోనికి మార్పించిరి. మొదట అద్దె యిండ్లలో సాగిన తరగతులకు పిదప అడిక్‌మెట్ ప్రాంతమున విశాలస్థల మేర్పడెను. బెల్జియము దేశీయుడగు ఎర్నెస్టు జాస్పరు ఆర్ట్సు కళాశాలకు రూపకల్పన చేసెను. 1939 డిసెంబరు 4 వ తేదీన నిజాము దానికి ప్రారంభోత్సవ మొనర్చెను.

అయితే ఇచ్చటనే ఆయన పరిపాలనలోని లోపమును కనబడును. దేశభాషలో చదువు మేలన్నది గొప్ప తలంపే. కాని ఆ ఉర్దూ ప్రజలలో కొలదిమందికే మాతృభాష. తెలుగు పల్లెలోని బాలునకు అదియు పరాయిభాషయే. 1921 లో హైదరాబాదున జరిగిన యొక సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ప్రసంగింపబోగా సభికులు గేలిచేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజన సంఘము పుట్టెను. 1930 లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను ప్రథమాంధ్రమహాసభ జరిగెను. 1938 లో వందేమాతర గీతమును పాడిరని ఉస్మానియా విద్యార్థులను బహిష్కరించిరి. క్షమాపణ కోరనొల్లక పలువురు నాగపురమునకేగి చదువు సాగించిరి. ఆ యుద్యమమున బహిష్కృతుడై నాగపురమున చదివిన పాములపర్తి వేంకట నరసింహారావుగారు 1991 లో భారత ప్రధానమంత్రి యైరి.

బ్రిటిషువారియెడ నిజాము చూపిన విశ్వాసము మిక్కుటము. మొదటి ప్రపంచయుద్ధమున ధనమును సైన్యమును ఒసగి గొప్ప బిరుదులను పొందెను. కాని బీరారును తిరిగి యిమ్మని యడిగినప్పుడు 1926 లో రాజప్రతినిధి రీడింగు ప్రభువు, బ్రిటిషు ప్రభుత్వముతో సమానుడవు కావని ఖండితముగ తెలిపెను. బిరుదులు మిగిలెను, బీరారు రాలేదు. 1937 లో ఒక అమెరికను పత్రిక ఆయనను ప్రపంచమున కెల్ల ధనికుడుగా ప్రకటించెను. అట్టివాడు పాతటోపీని, మాసిన దుస్తులను ధరించి, చవుకరకపు చార్మినారు సిగరెట్లు కాల్చుచుండెను. జాకబు వజ్రము ఆయన బల్లపై కాగితములు ఎగిరిపోకుండ ఉంచు బరువుగా నుండెను.

ఆ వజ్రము బల్లపై నుండగా పల్లెలలో రైతులు దేశముఖుల, జాగీరుదారుల వెట్టిచాకిరిక్రింద క్రుంగుచుండిరి. 1946 జులై 4 వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండునకు బలియయ్యెను. తెలంగాణ మంతట పోరు రగుల్కొనెను. 1947 లో దేశము స్వతంత్రము కాగా నిజాము భారతమున చేరనొల్లక స్వతంత్రుడుగా నుండగోరెను. కాసిం రజ్వీ నాయకత్వమున రజాకార్లు గ్రామములను హింసించుచుండ ఆయన వారి నడ్డలేదు. భారతమున చేరుట మేలని వ్రాసిన ఇమ్రోజ్ పత్రికాసంపాదకుడు షోయబుల్లాఖాన్ 1948 ఆగస్టులో హత్యగావింపబడెను. సెప్టెంబరు 13 న భారతసైన్యము ప్రవేశింపగా 17 న నిజాము లొంగిపోయెను. ఆ దినములలోను తరువాతను ఉభయమతముల నిరపరాధులు అనేకులు అసువులు బాసిరి.

1950 నుండి 1956 వరకు ఆయన హైదరాబాదు రాష్ట్రమునకు రాజప్రముఖుడుగా నుండెను. 1967 ఫిబ్రవరి 24 వ తేదీన కింగుకోఠీ భవనమున మరణించెను. ఆ భవనమున కెదుటనున్న జూదీ మసీదులో, తల్లి సమాధి చెంతనే ఆయనను ఖననము చేసిరి. ఆ దినమున నగరమున కదలివచ్చిన జనసముద్రము అంతకుముందు ఎన్నడును కానరాలేదని పెద్దలు చెప్పుదురు. ఆయనవలన బాధపడినవారును, ఆయన ఆసుపత్రిలో బాగుపడినవారును ఆ జనములో నుండి యుందురు.

బాలబాలికలారా, ఆయన కూడబెట్టిన రత్నములు మన కుపయోగపడలేదు. ఆయన కట్టించిన చెరువుల నీరును, ఆసుపత్రియు, విద్యాలయమును ఉపయోగపడెను. విద్య నిచ్చిన చేయియే నోరు మూయజూచిన దనుట ఆయన చరిత్రలోని విషాదము. విద్య యిచ్చిన పిమ్మట ప్రశ్నింపవలదనుట ఎవ్వరికిని సాధ్యము కాదు. ఆయన తెరచిన తలుపులగుండ లోనికి పోయిన పిల్లలే వెలికివచ్చి ఆయనను ప్రశ్నించిరి. ఆర్ట్సు కళాశాల మెట్లపై కూర్చుండినపుడు ఈ రెండు సంగతులను కలిపి తలపోయుడు. ఉపకారమును మరువకుడు, అన్యాయమును దాచకుడు.