షిర్లీ చిషోమ్

ఒబామా పేరు మనందరికీ తెలుసు. ఆయన గెలుపుకు 36 ఏళ్ళ ముందే అమెరికా అధ్యక్ష పదవికి పోటీకి దిగిన నల్లజాతి మహిళ షిర్లీ చిషోమ్ గురించి తెలిసినవారు మనలో తక్కువ.

ఆమె 1924 నవంబరు 30న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పేద కుటుంబంలో జన్మించారు. తల్లి బట్టలు కుట్టేది, తండ్రి ఫ్యాక్టరీ కార్మికుడు. పోషణ భారమై ఆమెను చిన్నతనంలోనే బార్బడోస్ దీవిలోని అమ్మమ్మ దగ్గరకు పంపారు. అమ్మానాన్నలకు దూరంగా ఉండి చదువుకోవడం ఎలా ఉంటుందో హాస్టల్ పిల్లలకు వేరే చెప్పాలా? తరువాత డిగ్రీ చదివి నర్సరీ టీచరయ్యారు. 1968లో అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన మొదటి నల్లజాతి మహిళ ఆమే.

1972 జనవరిలో డెమోక్రటిక్ పార్టీ తరపున అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీ ప్రకటించారు. మన దగ్గర టికెట్టు ఎవరికివ్వాలో అధిష్ఠానం చూసుకుంటుంది. అక్కడ చాలా రాష్ట్రాల్లో పార్టీ ఓటర్లే ఓటేసి చెబుతారు. అదే ప్రైమరీ. అలా ఎంపికైన డెలిగేట్లు పార్టీ మహాసభలో అభ్యర్థిని ఎన్నుకుంటారు.

మార్చి 14న ఫ్లోరిడా ప్రైమరీ. నల్లపిల్లలు, తెల్లపిల్లలు కలిసి చదివేలా వారిని బస్సుల్లో వేరే బడులకు పంపాలా వద్దా అన్నదే అక్కడ పెద్ద గొడవ. దాన్ని వ్యతిరేకించిన అలబామా గవర్నరు జార్జ్ వాలెస్‌కు సుమారు 42 శాతం ఓట్లు వచ్చాయి. చిషోమ్‌కు 4 శాతం లోపే. చేతిలో డబ్బు లేదు. నల్లజాతి నాయకుల్లో చాలామంది మగవాళ్ళు కలిసిరాలేదు. ఆమెకన్నా ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న న్యూయార్క్ మేయరు లిండ్సే ఏప్రిల్‌లోనే తప్పుకున్నారు. ఆమె తప్పుకోలేదు. టీవీ చర్చల్లో చోటివ్వకపోతే కోర్టు దాకా వెళ్ళి సమయం సాధించుకున్నారు.

మే 15న వాలెస్‌పై కాల్పులు జరిగాయి. నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. 1963లో నల్లజాతి విద్యార్థులు లోపలికి రాకుండా యూనివర్సిటీ గుమ్మంలో అడ్డంగా నిలబడిన మనిషి అతను. అటువంటివాణ్ణి చూడడానికి చిషోమ్ ఆసుపత్రికి వెళ్ళారు! సొంతవాళ్ళే మండిపడ్డారు. నిజం చెప్పాలంటే, మొదటిసారి చదివినప్పుడు నాకూ మింగుడుపడలేదు. రెండేళ్ళ తరువాత ఇళ్ళలో పనిచేసేవారికి కనీస వేతనం కోసం ఆమె పోరాడినప్పుడు, దక్షిణాది సభ్యుల ఓట్లు కూడగట్టడంలో వాలెస్ సాయపడ్డారని చెబుతారు.

జూలైలో పార్టీ మహాసభ అదే ఫ్లోరిడాలో, మయామీ బీచ్‌లో జరిగింది. మెక్‌గవర్న్ అభ్యర్థి అయ్యారు. చిషోమ్‌కు సుమారు 152 డెలిగేట్ల ఓట్లు పడ్డాయి. 1983 దాకా కాంగ్రెస్‌లో కొనసాగారు. 2005 జనవరి 1న, 80 ఏళ్ళ వయసులో, ఆమె కన్నుమూసింది కూడా ఫ్లోరిడాలోనే.