కొండ శిఖరం నుంచి భూమిని కొలిచిన అల్ బిరూనీ

ప్రఖ్యాత ఖగోళ, గణిత పండితుడు అల్ బిరూనీ 973లో మధ్య ఆసియాలోని ఖ్వారిజమ్‌లో జన్మించారు. భూమి ఎంత పెద్దదో స్వయంగా తేల్చాలన్నది ఆయన కోరిక.

క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలోనే గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ ఈజిప్టులోని రెండు నగరాల మధ్య దూరం, సూర్యుని నీడల ఆధారంగా ఆ లెక్క వేశారు. 813-833 మధ్య పాలించిన ఖలీఫా మామూన్ హయాంలో పండితులు ఎడారిలో నడిచి ఒక డిగ్రీ దూరాన్ని కొలిచారు. బిరూనీ కూడా అలాగే కొలవాలనుకున్నారు. తోడ్పడేవారు లేక మానుకోవలసి వచ్చింది.

1017లో సుల్తాన్ మహమూద్ ఖ్వారిజమ్‌ను జయించి, బిరూనీని గజనీకి తరలించారు. స్వస్థలం దూరమైనా ఆయన పరిశోధన ఆగలేదు. నేటి పాకిస్తాన్ పంజాబ్‌లో ఉన్న నందన కోట వద్ద, విశాల మైదానానికి ఎదురుగా నిలిచిన కొండ ఆయనకు కనిపించింది. ముందుగా దాని ఎత్తు కొలిచారు. తర్వాత శిఖరమెక్కి, దిగంతం కంటి మట్టానికి ఎంత కిందుగా కనిపిస్తోందో చూశారు. ఆ కోణం డిగ్రీలో సగానికి కాస్త ఎక్కువ. ఈ రెండూ తెలిస్తే త్రికోణమితితో భూమి వ్యాసార్ధం వస్తుంది. ఆయనకు వచ్చిన ఫలితం మామూన్ పండితుల కొలతకు దగ్గరగా ఉంది.

ఈ పద్ధతిని ఆయన 'ఖానూనె మసూదీ' గ్రంథంలో వివరించారు. వందల మైళ్లు నడిపించే బలగం లేకున్నా, ఒక్క కొండతో, ఓర్పుతో ఆయన తన కోరిక నెరవేర్చుకున్నారు.