ఏటి వరదను పంటగా మలచిన సర్ ఆర్థర్ కాటన్

అవుకు: శ్రీశైలం జలాశయం నిండినప్పుడు పోతిరెడ్డిపాడు వద్ద మళ్ళించిన కృష్ణా జలాలు బనకచెర్ల, గోరకల్లు మీదుగా ప్రవహించి నంద్యాల జిల్లాలోని అవుకు జలాశయానికి చేరుతున్నాయి. ఏటి వరదను సముద్రం పాలు కానీయక మెట్టభూములకు మళ్ళించాలన్న ఆలోచన ఈ సీమకు కొత్తది కాదు. ఆళ్ళగడ్డ, నంద్యాల ప్రాంతాల రైతాంగానికి చిరపరిచితమైన కర్నూలు-కడప కాలువ సుమారు నూట యాభై సంవత్సరాల నాటిది. దాని ప్రతిపాదన వెనుక ఉన్న ఇంజనీరు సర్ ఆర్థర్ థామస్ కాటన్. అయితే ఆయన కీర్తికి అసలు ఆలవాలం గోదావరి డెల్టా.

1803 మే 15న ఇంగ్లండులో జన్మించిన కాటన్ పదహారేళ్ళకే మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరి, 1821లో భారతదేశానికి వచ్చారు. ఆయనకు తొలి పాఠశాల కావేరి. ఆ నదిలో ఇసుక మేట వేసి, ప్రవాహం పల్లంగా ఉన్న కొల్లడం పాయలోకి మళ్ళిపోతుండగా తంజావూరు సీమ ఎండిపోయే ప్రమాదం ఏర్పడింది. 1835-36 సంవత్సరాలలో కొల్లడంపై రెండు ఆనకట్టలు నిర్మించి కాటన్ ఆ ముప్పును నివారించారు. రాతి పునాది దొరకని ఇసుక నేలపై కట్టడం నిలిపే విధానాన్ని ఆయన నేర్చుకున్నది చోళుల కాలపు కల్లణై ఆనకట్ట నుండియే. పాశ్చాత్య విజ్ఞానంతో పాటు ఈ నేలలోని ప్రాచీన నైపుణ్యానికి కూడా ఆయన శిష్యులే.

అనారోగ్య కారణంగా కొంతకాలం విశాఖపట్నంలో ఉన్నప్పుడు సైతం ఆయన విశ్రమించలేదు. సముద్రం పట్టణ తీరాన్ని కోసివేస్తుండగా అలల ధాటిని తగ్గించేందుకు అడ్డుకట్టలు వేయించారు.

ఆనాటి గోదావరి మండలం దుస్థితి వర్ణనాతీతం. 1833 నాటి నందన కరువులో తెలుగు జిల్లాలు అల్లాడిపోయాయి. 1839 నవంబరులో కోరంగిపై విరుచుకుపడిన ఉప్పెన ఓడలను, ఊళ్ళను తుడిచిపెట్టింది. 1821లో సుమారు 7 లక్షల 38 వేలు ఉన్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. మహానది పక్కనే ప్రవహిస్తున్నా జనులు ఒక ఏడు నీటిలో మునిగి, మరొక ఏడు నీరు లేక మాడిపోయారు. ఈ రెండింటినీ ఒకే సమస్యగా చూడడంలోనే కాటన్ ప్రతిభ ఉన్నది. ఆనకట్ట, కాలువలు, మురుగు కాలువలు, లాకులు, ఏటిగట్లు అన్నీ కలిసి ఒకే వ్యవస్థగా ఉండాలని ఆయన ప్రతిపాదించారు.

1847లో ధవళేశ్వరం వద్ద పనులు ప్రారంభమయ్యాయి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, మధ్య లంకలను కలుపుకొంటూ ఆనకట్ట 1852లో పూర్తి అయినది. స్థానికులతో మెలగి కూలీలను సమీకరించి పనులు నడిపించడంలో వీణం వీరన్న అందించిన సేవ చిరస్మరణీయం. అనంతరం వైనతేయ పాయపై గన్నవరం అక్విడక్టును నిర్మించి నగరం దీవికి సైతం గోదావరి నీటిని అందించారు. కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణా ఆనకట్ట కూడా పూర్తి కావడంతో రెండు డెల్టాలూ అన్నపూర్ణలుగా రూపొందాయి.

పిమ్మట కాటన్ దృష్టి మెట్ట సీమలపైకి మళ్ళినది. తుంగభద్రపై సుంకేశుల వద్ద ఆరంభమయ్యే కాలువ నిర్మాణాన్ని మద్రాసు ఇరిగేషన్ కంపెనీ చేపట్టినది. అయితే డెల్టాలో వలె ఇక్కడ ఫలితం వెంటనే దక్కలేదు. మెట్ట పంటలకు అలవాటు పడిన నల్లరేగడి రైతులు నీటికి పన్ను చెల్లించుటకు ముందుకు రాలేదు. పడవల రాకపోకలూ ఆశించినంతగా సాగలేదు. కంపెనీ నష్టపోగా 1882లో ప్రభుత్వం కాలువను స్వాధీనం చేసుకున్నది. డెల్టా లెక్కలు మెట్టకు యథాతథంగా సరిపోవని ఈ ఉదంతం తెలియజేసింది. ఆ కాలువయే తరువాతి తరాలకు నంద్యాల సీమలో వరిపంటను అందించడం వేరే కథ.

1860లో పదవీ విరమణ చేసిన కాటన్‌కు 1861లో సర్ బిరుదు లభించినది. 1899 జూలై 24న ఇంగ్లండులోని డోర్కింగ్‌లో ఆయన కన్నుమూశారు. కుమార్తె లేడీ హోప్ మరుసటి ఏడే ఆయన జీవిత చరిత్రను వెలువరించారు. పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి నిర్మాణం పూర్తయిన బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు.

ఆనకట్ట వరదను నిల్వ చేయదు, నీటిమట్టాన్ని పెంచి కాలువలకు మళ్ళిస్తుంది. వరద నుండి డెల్టాను కాపాడేవి ఏటిగట్లు మాత్రమే. 1986 ఆగస్టు 16న ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవహించినప్పుడు ఆ గట్లకే గండ్లు పడ్డాయి. దరిమిలా వాటి ఎత్తు పెంచి పటిష్ఠపరిచారు. గట్లకు లోపల, ఏటి నడుమ ఉన్న లంక గ్రామాలకు మాత్రం ఆ రక్షణ లేదు. 2022 జూలై వరదలోనూ అక్కడి కుటుంబాలు పడవలపైనే బయటపడవలసి వచ్చింది. వరద తీసిన తరువాత కొబ్బరి తోటలు, పొలాలు ఒడ్డుతో సహా కోసుకొని ఏట్లో కలుస్తున్నాయి. ఎగువ జలాశయాలలో ఒండ్రు నిలిచిపోవడంతో డెల్టా అంచుకు చేరే మట్టి తగ్గినది. అంతర్వేది వంటి తీరాలలో సముద్రం ముందుకు చొచ్చుకొని వస్తున్నది. కాటన్ నాటి లెక్కలలో లేని ముప్పు ఇది.

కాటన్ బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరికను, 13.75 అడుగుల వద్ద రెండవ హెచ్చరికను, 17.75 అడుగుల వద్ద మూడవ హెచ్చరికను జారీ చేస్తారు. లంక ప్రజలకు మొదటి హెచ్చరికయే ప్రయాణ సూచన. మూడవది వెలువడే నాటికి పల్లపు లంకల కాలిబాటలు నీటి అడుగున ఉంటాయి.